ప్లస్ సి

చినవాల్తేరులో, మేడ మీద రేకుల గది.
ఉప్పుగాలికి చెమ్మపట్టిన సుద్దముక్క
బోర్డు మీద జారుతుందే గానీ రాయదు.
అందుకని నా సుద్దముక్కలు
బియ్యం డబ్బాలో ఉంటాయి.
సమాకలనం గుర్తు గీసినప్పుడల్లా
గింజో రెండు గింజలో నేల రాలతాయి.

ఆరింటికి వస్తారు.
మద్దిలపాలెం డిపో మెకానిక్ కొడుకు జోగినాయుడు,
వాడికి సూత్రం కావాలి, ఎందుకో అక్కర్లేదు.
ఫర్హీన్, తప్పు చేసినచోట కొట్టేయదు,
దాని మీద చిన్న పువ్వు గీస్తుంది.
ఆఖరున, తడి జడతో,
పెదజాలరిపేట నుంచి సూరాడ నూకరత్నం.
మెట్లెక్కుతూనే మొదలెడుతుంది:
"మేడమ్, నిన్నటిది నాకు అచ్చిరానేదు."
అచ్చిరాకపోవడం ఏమిటే, లెక్క కదా!

అవధులు మొదలెట్టిన రోజు
ఎక్స్ రెండుకి దగ్గరవుతుంది,
దగ్గరవుతూనే ఉంటుంది అన్నాను.
"సేరదా?"
చేరక్కర్లేదు.
"మరెందుకెల్తాది మేడమ్?"
జోగినాయుడు నవ్వాడు.
ఇరవై రెండేళ్ళుగా ఇదే పాఠం చెబుతున్నాను,
ఆ ప్రశ్న ఏ అభ్యాసం కిందా లేదు.

మర్నాడు తనే వచ్చి చెప్పింది.
"నాన్న కొండమీది లైటు సూసుకుని వస్తాడు కదా,
లైటు కాడికి రాడు. ఒడ్డుకొస్తాడు.
అలాగేనేటి?"
అలాగే అన్నాను.
పూర్తిగా అలాగేం కాదు.
ఎప్సిలాన్ ఇంకో రోజు ఆగగలదు.

మధురవాడ కాలేజీలో ఆగేది కాదు.
ఒక్క అవధి మీద మూడు రోజులు కూర్చున్నానని
నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.
ఆ సంగతి పిల్లలకి చెప్పలేదు.

ఏప్రిల్ పదిహేనున వేట ఆపేస్తారు.
హార్బరులో మరబోట్లు
ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ నిలబడతాయి.
కలాసీకి జీతం లేదు, నాకు ఫీజు లేదు.
ఎండు నెత్తళ్ళ పొట్లం వస్తుంది,
నిరుటి ర్యాంకుల ప్రకటనలో చుట్టి,
నవ్వుతున్న మొహాలన్నిటి మీదా ఉప్పు.
నేను తిననని ఎప్పుడూ అనలేదు.
కింది వాటా కనకలింగం గారి పిల్లి
ఆ వేసవంతా బాగా ఒళ్ళు చేసింది.

ఎంట్రన్సుకి తొమ్మిది రోజులుందనగా
కరెంటు పోయింది. సెల్లు వెలుగులో
బోర్డు నిండా ఒకే లెక్క చేశాను,
ఆరు మలుపులు తిప్పి, జవాబు కింద గీత కొట్టి
చేతులు దులుపుకున్నాను.
"మేడమ్, సి."
"సీ మీ వీధి చివరుంది పోవే" అన్నాడు జోగినాయుడు.
తను నవ్వలేదు.
డబ్బాలోంచి ముక్క తీసుకుని వచ్చి
ప్లస్ పెట్టి, సి రాసింది,
సుద్ద విరిగేంత గట్టిగా.

ఎన్నిసార్లు చెప్పానో ఆ మాట:
అవకలనం చేస్తే వాలు మిగులుతుంది,
ఎంత ఎత్తున మొదలయ్యామో పోతుంది.
తిరిగొచ్చేటప్పుడు ఒప్పుకోవాలి,
ఇక్కడొకటి ఉండేది,
ఎంతో తెలియదు, ఉండేది.
చెప్పి చెప్పి, చివరికి
మర్చిపోయింది నేను.

పరీక్ష అయ్యాక ఫోన్ చేసింది.
మ్యాథ్స్‌లో పదకొండు వదిలేసిందట.
"వచ్చినవే అవి, టైము సాల్లేదు."
ఏం తిన్నావే అని అడిగాను.

జూన్ పధ్నాలుగు, అర్ధరాత్రి దాటింది.
బోట్లు కదులుతున్నాయని కబురొస్తే మేడెక్కాను.
చీకట్లో దీపాలు ఒక్కొక్కటే
నీళ్ళు ఆకాశాన్ని తాకినట్టుండే ఆ గీత వైపు.
వాటిలో వాళ్ళ నాన్నది ఏదో.
లెక్కపెట్టడం మొదలెట్టాను.
ముప్పై ఏడు దాకా వచ్చి తప్పిపోయింది.
మళ్ళీ ఒకటి నుంచి.